చక్రాల ఇంటికి కడప

షార్జా పక్కన సజ్జాలో మా కంపెనీ యార్డును పట్టపగలు చూసినవాడెవడూ అక్కడ భయపడాల్సింది ఏదైనా ఉంటుందని అనుకోడు. దెయ్యం నిలబడదామన్నా నీడ దొరకని చోటు అది. పొద్దు బారెడు ఎక్కేసరికే ఇనుప పైపులు ముట్టుకుంటే చేయి చుర్రుమనేది. విరిగిన రోడ్డు రోలర్లు, అరిగిన టైర్లు, లోపల సిమెంటు గట్టిపడి పనికిరాకుండా పోయిన మిక్సర్లు, వాటి మధ్య ఎప్పుడూ మరుగుతుండే టీ గిన్నె. ఎటు తిరిగినా తుప్పు వాసన, డీజిల్ వాసన. వెనక మూలన నాలుగు కారవాన్లు నిలబెట్టి ఉండేవి. అవి చక్రాల మీది ఇళ్లు. లారీకి కొక్కెం తగిలిస్తే ఇల్లు మన వెంటే వస్తుంది.

ఎనభై మూడో సంవత్సరం, ఎండలు ముదరక ముందు, ఆ నాలుగింట్లో ఒకటి ఏరుకోమని మా ముదీర్, అంటే మేనేజర్, నాకు చెప్పాడు.

నా పేరు వడ్ల ఆశన్న. మాది మెట్‌పల్లి పక్కన పల్లె. దుబాయ్‌లో నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని. ఆ ఏడు కంపెనీకి కొత్త పని వచ్చింది. అల్ ఐన్ వైపు పోయే రోడ్డు మీదికి ఒంటెలు వచ్చి చీకట్లో కార్లకు తగులుతున్నాయని, రోడ్డుకు రెండు పక్కలా తీగ కంచె వేయాలన్నారు. కూలీలు తెల్లారి క్యాంపు నుంచి బస్సులో వచ్చి పని చేసి వెళ్లిపోతారు. తీగ చుట్టలకు, ఇనుప గుంజలకు కాపలాగా ఇద్దరు మాత్రం అక్కడే ఉండాలి. కంచె ముందుకు పోయినకొద్దీ వాళ్ల ఇల్లూ ముందుకు పోవాలి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు. "ఉండేది మీరు. మీరే చూసుకోండి" అన్నాడు ముదీర్.

రెండోవాడు హన్మాండ్లు. నా భార్య బాలవ్వకు తమ్ముడు. తల్లి పోయాక బాలవ్వే వాణ్ని చంకనెత్తుకుని పెంచింది. వాణ్ని నా వెంట పంపేటప్పుడు ఆమె ఏడవలేదు. బస్సు ఎక్కబోతుంటే వాడి చేయి తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ చేతుల పెడుతున్న. మళ్ల నీ చేతులతోనే నాకు అప్పజెప్పాలె" అంది. అంతే. ఆ తర్వాత నేను ఎక్కడ పని చేసినా, ఎక్కడ పండుకున్నా, ఆ మాట నా వెంటే ఉండేది.

యార్డు తాళాలు మౌలా సాహెబ్ దగ్గర ఉండేవి. నెల్లూరాయన, పెద్దమనిషి, తలకు తడి తువాలు చుట్టుకుని మా వెనకే నడిచాడు.

మొదటి కారవాన్ పెద్దది. లోపల రెండు గదులు, గోడకు ఏసీ. హన్మాండ్లు కళ్లు మెరిశాయి.

"బావా, ఏసీ ఉన్నదే! షేకుల తీరు ఉండొచ్చు."

"దానికి కరెంటు మీ తాత పంపుతడా?" అన్నాను. కిందికి వంగి చూశాను. ఇరుసు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది. టైర్లు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు బాసి ఉన్నాయి.

రెండోది కొత్తదే, కాని గోడలు ఒట్టి రేకు. లోపల అడుగు పెడితే రొట్టెల భట్టీలో తల పెట్టినట్టుంది. మూడోదానికి నేల మీది ప్లైవుడ్ నీళ్లు కారి మెత్తబడింది. నా మడమ దిగబడింది.

"ఆశన్నా, సంబంధం చూస్తుండావా, గాడీ చూస్తుండావా?" అన్నాడు మౌలా సాహెబ్. "ఎండకు నా తలకాయ పగిలిపోతా ఉండాది."

"సంబంధమైతే నలుగుర్ని అడుగుతం సాబ్. దీని గుణం ఎవల్నడగాలె?"

నాలుగోది గోడ వైపు ముఖం తిప్పుకుని ఉంది. చిన్నది, మీగడ రంగు. లోపల గోడలకు అసలైన చెక్క పలకలు వేశారు. వేలి కణుపుతో కొట్టి చూస్తే గట్టి మోత వచ్చింది. పండుకోవడానికి రెండు పక్కలా రెండు బల్లలు, మధ్యలో మనిషి నడిచే దారి, చివర నీళ్ల డ్రమ్ము, పొయ్యి. తలుపు దగ్గర నిలబడి ఎగరమని హన్మాండ్లుకు చెప్పాను. వాడు కోతిలా ఎగిరాడు. బండి తలుపు వైపు ఒరిగి, మెత్తగా మళ్లీ లేచింది. స్ప్రింగులు బాగున్నాయి. అన్నిటికంటే, లోపల చల్లగా ఉంది. నడి ఎండలో, కిటికీలు మూసి ఉన్న బండిలో, కొత్త కుండలో చేయి పెట్టినంత చల్లన.

"ఇదే" అన్నాను.

ఒక్కటే లోపం. తలుపు కింద ఉండాల్సిన చెక్క పట్టీ లేదు. ఆ చోట వంగిన మేకులు, ఉలి గాట్లు. ఎవరో దాన్ని పెకలించారు. గాట్లన్నీ లోపలి వైపున ఉన్నాయి.

"దీని కడప ఏది సాబ్?" అని అడిగాను. మా దిక్కు గడపను కడప అంటాం.

"ముందున్నోళ్లు పీకేసినారు. బావులు తవ్వే పనోళ్లంట. తలుపు కూడా ఎప్పుడూ బార్లా తీసే పెట్టుకునేవాళ్లంట. ఎందుకో నేనడగలా, వాళ్లు చెప్పలా" అంటూ ఆయన తాళంచెవి నా చేతిలో పడేసి టీ కోసం వెళ్లిపోయాడు.

కడప లేని ఇల్లు ఇల్లు కాదు, కొట్టం. మా వడ్లవాళ్లు ఏ ఇంటికైనా ముందు దర్వాజ నిలబెట్టి, తర్వాతే గోడ లేపనిస్తారు. పసుపు రాసిన కడప మీద కాలు పెట్టరు, దాని మీద కూర్చోరు, చెడ్డది ఏదీ దాన్ని దాటదు. ఈ కారవాన్‌కు కూడా ఒక కడప పెట్టాలని నేను ఆ యార్డులోనే అనుకున్నాను.

షావలి నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. అతనే తన లారీకి మా ఇంటిని తగిలించి, ఎర్ర ఇసుక దిబ్బల మధ్య రోడ్డు పక్కన దించి వెళ్లాడు. మొదటి రోజులు సుఖంగానే గడిచాయి. పొద్దంతా కూలీల కేకలు, సమ్మెట మోత. బస్సు వెళ్లిపోయాక చెవులు నిండిపోయేంత నిశ్శబ్దం. బయట పొయ్యి పెట్టుకుని అన్నం వండుకునేవాళ్లం. దూరంగా ఒంటెలు తలలు ఊపుతూ పోయేవి.

అలా ఒక సాయంత్రం, పొద్దు అప్పుడే గూకింది. మేమిద్దరం బయట పొయ్యి దగ్గర ఉన్నాం. మా వెనక కారవాన్ కిర్రుమంది. తిరిగి చూస్తే అది తలుపు వైపు ఒరుగుతోంది. ఒక క్షణం అలా నిలిచి, మళ్లీ మెల్లగా లేచింది. లోపలి నుంచి ఒక మనిషి కిందికి దిగితే ఎలా ఒరిగి లేస్తుందో, అలాగే.

"గాలి" అన్నాను.

పక్కనున్న కందిలి దీపం మంట కదలకుండా నిటారుగా ఉంది. హన్మాండ్లు కందిలినీ చూశాడు, నన్నూ చూశాడు.

మర్నాడు సాయంత్రమూ అంతే. తెల్లవారుజామున, మేం లోపల పండుకుని ఉండగా, బండి మళ్లీ తలుపు వైపు ఒరిగేది. ఎవరో ఎక్కి లోపలికి వచ్చినట్టు. సగం నిద్రలో నేను హన్మాండ్లు అనుకునేవాణ్ని, వాడు నేననుకునేవాడు.

వాడిది నవ్వే స్వభావం. నాలుగు రోజులకే దాన్ని ఆట చేసుకున్నాడు. "మనకొక కిరాయిదారుడు ఉన్నడు బావా. లేబర్ క్యాంపుల ఒక్క మంచం మీద ఇద్దరు పంటరు గదా, ఒకడు డే డ్యూటీ, ఒకడు నైట్ డ్యూటీ. వీనిది నైట్ డ్యూటీ." పొద్దుగూకే వేళ బండి కిర్రుమనగానే లేచి సలాం కొట్టేవాడు. "యల్లా భాయ్, జా! ముదీర్ గుస్సా అయితడు!"

"నోరు మూసుకో" అనేవాణ్ని. వాడు నవ్వేవాడు. తలుపు మాత్రం ఎన్నడూ మూయనిచ్చేవాడు కాదు.

అజ్మాన్‌లో పాత పడవ విప్పుతుంటే ఒక టేకు ముక్క దొరికిందని షావలి తెచ్చి ఇచ్చాడు. ఉప్పు నీళ్లు తాగి ఇనుములా గట్టిపడిన చెక్క. నేను దాన్ని చిత్రిక పడుతుంటే అతను ట్యాంకర్ చక్రానికి ఆనుకుని చూస్తూ ఉన్నాడు.

"దేనికన్నా ఇది?"

"కడపకు."

"మా జిల్లా పేరు తెచ్చి కాళ్ల కింద పెట్టుకుంటారా మీరు?" అన్నాడు. అతనిది కడప దగ్గర ఊరు. ముగ్గురం నవ్వుకున్నాం.

షావలి వెళ్లాక హన్మాండ్లు నా పక్కన చతికిలపడ్డాడు. ఈసారి నవ్వడం లేదు.

"కడప ఎందుకు బావా? వాని మానాన వాడు పోతున్నడు, వస్తున్నడు. మనల్నేమన్న అన్నడా?"

"వాడు లేడు, వీడు లేడు. గాలిరా అది. ఇల్లన్నంక కడప ఉండాలె."

"సరే, పెట్టు. పెడితే పొద్దుగూకినంక పెట్టు. వాడు డ్యూటీ మీద బయట ఉన్నప్పుడు."

"పొద్దుగూకినంక కడప పెడతారురా ఎవలన్న? ఏ ఊర్ల చూసినవు?"

"పొద్దుగాల వాడు లోపలుంటడు బావా."

నేను వినలేదు. కడప పొద్దెక్కే వేళే పెట్టాలి, శుక్రవారమైతే ఇంకా మంచిది. మా తాత అలాగే పెట్టాడు, మా నాయన అలాగే పెట్టాడు. ఆ మాట మీద నేను ఈ రోజుకూ ఉన్నాను.

శుక్రవారం కూలీలకు సెలవు, బస్సు రాదు. స్నానం చేసి, టేకు ముక్కను తలుపు కింద కూర్చోబెట్టి, పొడవాటి మేకులు దించాను. బాలవ్వ కట్టి ఇచ్చిన పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను. డబ్బా పాలు నీళ్లలో కలిపి పొంగించాను. హన్మాండ్లు అన్నిటికీ చేయందించాడు కాని, లోపలికి పోయే ప్రతిసారీ చివర డ్రమ్ము పక్క మూల వైపు చూస్తున్నాడు. అక్కడ మా పెట్టెలు తప్ప ఏమీ లేవు.

మధ్యాహ్నం తిరిగింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఉక్కకు తట్టుకోలేక హన్మాండ్లు చొక్కా విప్పేసి, లుంగీతో, ఉత్త కాళ్లతో బండి నీడలో కూర్చున్నాడు. ఒంటెలన్నీ ఒక దిబ్బ వెనక చేరి ఒకే వైపు వీపులు తిప్పి కూర్చున్నాయి. వాటి వీపులు ఎటు ఉన్నాయో అటు చూశాను. ఆకాశం కిందంతా గోధుమ రంగు గోడ లేస్తోంది. నేల నుంచి మబ్బు దాకా. చప్పుడు లేకుండా మా వైపు నడిచి వస్తోంది.

ఇసుక గాలి. ఇంతకుముందు చూశాను కాని, ఇంత ఎత్తున చూడలేదు.

గిన్నెలు ఏరుకుంటుండగానే సూర్యుడు మసకబారి, మచ్చలా మారి, పోయాడు. పగలు ఉండగానే పొద్దు గూకింది.

అప్పుడు కారవాన్ కిర్రుమంది.

తలుపు వైపు ఒరిగింది. నేను అది లేవడం కోసం చూశాను. లేవలేదు. ఒరిగింది ఒరిగినట్టే ఉంది.

"బావా..." హన్మాండ్లు గొంతు పీలగా వచ్చింది. "వాడు కడప కాడ నిలబడ్డడు."

గాలి మొదటి దెబ్బ మా మీద పడింది. ఇసుక వీపుల మీద సూదుల్లా గుచ్చింది. బయట ఉంటే ఊపిరాడదు. లోపలికి పోవాలి. లోపలికి పోయేది ఒక్కటే తలుపు.

"ఎక్కు!" అని వాణ్ని తోశాను. వాడి వెనకే కడప దాటాను. దాటేటప్పుడు నా ముఖానికి, ఛాతీకి చల్లదనం తగిలింది. పాడుబడ్డ బావిలోకి తొంగి చూస్తే తగిలే చల్లదనం. తడి మట్టి వాసన. ఆ ఎడారిలో తడి మట్టి ఎక్కడిది? తలుపు లాగి గొళ్లెం పెట్టాను.

లోపల చీకటి. రేకు మీద ఇసుక పడుతుంటే మూకుడులో పేలాలు వేగుతున్న చప్పుడు. కందిలి వెలిగించాను. మంట ఒక పక్కకు వంగి ఉంది. తలుపు పక్కకు.

నేను నా బల్ల మీద, హన్మాండ్లు వాడి బల్ల మీద. మధ్యలో ఖాళీ దారి.

కాసేపటికి నేల కదిలింది. తలుపు దగ్గరి బరువు అక్కణ్నించి బయల్దేరింది. మా ఇద్దరి మధ్య నుంచి పోయింది. బండి చివరి వైపు ఒరిగింది. డ్రమ్ములో నీళ్లు గలగలమన్నాయి. మళ్లీ తలుపు వైపు. మళ్లీ చివరికి. బోనులో జంతువు తిరిగినట్టు. ప్రతిసారీ ఇంకాస్త వేగంగా.

తర్వాత తలుపు దగ్గర ఆగింది.

గీకుడు మొదలైంది. నేను వడ్లవాణ్ని, చెక్క చప్పుడు నాకు తెలుసు. టేకు చెక్క చారకు అడ్డంగా గోరుతో గీకితే వచ్చే చప్పుడు అది.

"కడప తియ్ బావా" హన్మాండ్లు గుసగుసగా అన్నాడు. "దండం పెడుత. వానికి పోయే యాల్లయింది. పోనీ."

"కడప పెట్టిన చెయ్యే దాన్ని పీకొద్దురా. పీకితే ఇంట్ల మనిషి తగ్గుతడు."

"ఉన్నదిద్దరమే గదా బావా..."

గీకుడు ఆగింది.

కందిలి ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు.

బరువు తలుపు వదిలింది. నా ముందు దాకా వచ్చింది. ఆగింది. తర్వాత ఎదురు బల్ల కిర్రుమంది.

"బావా... నా పక్కకొచ్చి కూసున్నడు."

"కదలకు."

"తడిగున్నడు..."

"హన్మాండ్లూ, నా మాట విను. నా దిక్కు రా."

"చెయ్యి పట్టుకున్నడు బావా. ఇడుస్తలేడు."

నేను లేచాను. బండి ఒక్కసారి ఒరిగింది. కాళ్లు జారి గోడకు కొట్టుకున్నాను. మళ్లీ లేచాను, మళ్లీ పడ్డాను. రెండు చేతుల దూరంలో ఉన్నాడు వాడు. నాకు అందలేదు.

"ఏమంటున్నడంటే..." వాడి గొంతు మారుతోంది, నీళ్లు మింగుతూ మాట్లాడినట్టు. "బయటికి తోల్కపొమ్మంటున్నడు..."

నా బల్ల కింద గడ్డపార ఉంది. తడిమి పట్టుకున్నాను. పాకుతూ తలుపు దగ్గరికి పోయి గొళ్లెం తీశాను. తలుపును గాలి గుంజేసింది. ఇసుక లోపలికి దూకింది. కళ్లు మూసుకుని, గడ్డపార మొన కడప కింద దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి లేపాను. నా చేత్తో దించిన మేకులు. ఒక్కటీ కదలదు. మళ్లీ దూర్చాను. టేకు కీచుమంది. ఇంకోసారి. పెళ్లున విరిగి, గాలిలోకి ఎగిరిపోయింది.

ఏదో నా భుజానికి రాసుకుంటూ బయటికి పోయింది. అది చల్లగా ఉందో, వెచ్చగా ఉందో నేను ఇప్పటికీ చెప్పలేను. బండి పడవలా ఊగింది. తలుపును భుజంతో నెట్టి గొళ్లెం పెట్టాను.

నేల సమంగా ఉంది. గీకుడు లేదు. మట్టి వాసన లేదు.

"హన్మాండ్లూ..."

చీకట్లో బల్ల మీది నుంచి జవాబు వచ్చింది.

"ఆఁ, బావా."

"పోయిండా?"

"పోయిండు."

నేల మీదే కూలబడ్డాను.

అప్పుడు తలుపు మీద దెబ్బ పడింది.

"బావా! తలుపు తియ్! బయటున్న బావా, నేను!"

హన్మాండ్లు గొంతు. ఇసుక మింగుతూ, దగ్గుతూ.

"నన్ను గుంజుకచ్చిండు బావా! కండ్లు కనబడ్తలేవు! తియ్!"

లోపలి హన్మాండ్లు మెల్లగా అన్నాడు. "తెరవకు బావా."

నేను గొళ్లెం మీద చేయి పెట్టి నిలబడ్డాను. ఏం అడగాలో తెలియలేదు. తట్టింది అడిగాను.

"మీ అక్క పేరేంది?"

"బాలవ్వ."

రెండు నోళ్లూ ఒక్కసారే అన్నాయి.

"చిన్నప్పుడు నిన్నేమని పిలిచేది?"

"బుడ్డోడా."

మళ్లీ రెండూ. ఒకటి గాలిలో, ఒకటి నా చెవి దగ్గర. అతను బల్ల దిగి నా పక్కకు వచ్చాడని అప్పుడే తెలిసింది. చీకట్లో నా మణికట్టు పట్టుకున్నాడు. నేను నిలువెల్లా చెమటతో తడిసి ఉన్నాను. ఆ చేయి పొడిగా ఉంది. చల్లగా ఉంది. మెత్తగా పట్టుకుంది, నొప్పి లేకుండా.

"నేను నీ దగ్గర్నే ఉన్న గదా బావా. తెరవకు."

బయటి గొంతు తలుపు వదిలి కిటికీ దగ్గరికి పోయింది. చేతులతో అద్దం కొట్టింది. వెనక గోడ కొట్టింది. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. దెబ్బలు మెత్తబడుతున్నాయి. చివరికి దెబ్బలు కూడా లేవు. తలుపు అడుగున, కడప తీసేసిన సందులో నోరు పెట్టి అన్నట్టు వినిపించింది.

"అక్కకు ఏం చెప్తవు బావా?"

నేను తెరవలేదు.

గాలి తగ్గి, మర్నాడు తెల్లవారి వెలుగు వచ్చాక తలుపు తెరిచాను. తలుపు ముందు ఇసుక మోకాలెత్తు పేరుకుని ఉంది. నున్నగా. ఏ గుర్తూ లేదు. వెనక్కి తిరిగి చూశాను. బల్ల మీద హన్మాండ్లు కూర్చుని ఉన్నాడు. చొక్కా తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని. నన్ను చూసి నవ్వాడు. వాడి నవ్వే.

షావలి ట్యాంకర్‌తో వచ్చాడు. దిగుతూనే, "బతికుండారా అన్నా!" అన్నాడు. తర్వాత హన్మాండ్లును చూసి ఆగాడు. "నువ్వు ఈడే ఉండావా? దావలో ఒక మనిషిని చూస్తి. అచ్చం నీ మాదిరే. చొక్కా లేదు, చెప్పుల్లేవు. హారన్ కొడితే నా తట్టు పరిగెత్తుకోనొచ్చె. నేను బండి నిలిపి దిగేతలికి యాడా లేడు."

"పోదాం పా. చూపియ్" అన్నాను.

ముగ్గురం ట్యాంకర్ ఎక్కాం. షావలికీ నాకూ మధ్యలో అతను కూర్చున్నాడు. షావలి చూపిన చోట దిగి, దిబ్బ ఎక్కి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి పిలిచాను. హన్మాండ్లూ అని పిలిచాను. షావలి నన్ను వింతగా చూశాడు. హన్మాండ్లు ట్యాంకర్‌లోనే కూర్చుని ఉన్నాడు కదా. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఖలాస్ బావా, ఎండెక్కుతున్నది" అన్నాడు.

ఆ తర్వాత ఆ కారవాన్ ఎన్నడూ దానంతట అది ఒరగలేదు. పొద్దుగూకినా, తెల్లవారినా. అంటే అది పోయినట్టే కదా అని నేను నాకు నచ్చజెప్పుకున్నాను. కంచె పని అయ్యేదాకా అందులోనే ఉన్నాం. ఒక మాట మాత్రం నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. బయటికి పోవడానికే అంత కొట్టుకున్నది, బయట పడ్డాక, లోపలికి రానివ్వమని ఎందుకు ఏడుస్తుంది? అది తట్టిన రోజు నేను ఎదురు బల్ల వైపు చూశాను. అతను మేలుకునే ఉన్నాడు.

ఊరికి తీసుకొచ్చాను. నా చేతులతోనే బాలవ్వకు అప్పజెప్పాను. ఆమె వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని, "ఎంత సల్లగున్నవురా తమ్మీ" అని మురిసిపోయింది. ఎండలో నడిచి వచ్చాం మేం. అతనికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మా ఇంటి పక్కనే ఇల్లు. తాగడు, తిట్టడు, ఎవరితోనూ గొడవ లేదు. ఊళ్లో అతన్ని మెచ్చుకోనివాడు లేడు. బాలవ్వకు ఏమని చెప్పను? చెబితే మాత్రం ఎవరిని వెతికి తెచ్చి ఇవ్వను?

ఈ ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. వాకిలంతా దుమ్ము. అతను తన ఇంట్లోంచి లేచి మా ఇంటికి వచ్చాడు, ఎందుకో చెప్పలేదు. లోపలి నుంచి మా తలుపు గొళ్లెం పెట్టి, మంచం మీద నా పక్కన కూర్చున్నాడు. నా చెవులు మొద్దుబారి ఏళ్లయింది. నాకు గాలి హోరు కూడా సరిగా వినబడదు. పొయ్యి ముందున్న బాలవ్వ తల ఎత్తింది. కాసేపు అలాగే విన్నది. గట్టిగా, నాకు కూడా వినబడేటట్టు అంది.

"వాకిట్ల ఎవలో అక్కా అని పిలుస్తుండ్రు. చూడు తమ్మీ."

అతను లేవలేదు. నా మణికట్టు మీద చేయి వేశాడు.

"ఎవలు లేరక్కా" అన్నాడు.

బాలవ్వ అప్పటికే లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు వైపు నడుస్తోంది.